మడమ కింద వరిగింజ

వడపళనిలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. గోడ అవతల ఒక తండ్రీ కొడుకూ ఉండేవారు. తండ్రికి కర్రసాము తప్ప ఇంకో విద్య తెలియదు. కొడుక్కి ఎంతో కొంత తెలియని విద్య లేదు. పెద్దాయన్ని తాత అనీ, కొడుకుని బాబాయ్ అనీ పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది చిత్తూరు వైపు, మాది నెల్లూరు వైపు. మద్రాసులో వరస కలుపుకోడానికి ఆ మాత్రం చాలు.

అది 1986. నాకు 11 ఏళ్ళు. నాన్న వాహినీ స్టూడియోలో లైట్‌బాయ్‌గా చేసేవారు. వడపళని, సాలిగ్రామం, కోడంబాకం వీధుల్లో సినిమా పనిని నమ్ముకున్న తెలుగు కుటుంబాలు అప్పట్లో ఎటు చూసినా కనిపించేవి. మేకప్ వాళ్ళు, కార్పెంటర్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు. బాబాయ్ ఫైటర్. హీరో తన్నితే గాల్లో ఎగిరి పడాలి, అద్దం పగిలితే అందులోంచి దూకాలి. కరాటే కిక్కు, కుంగ్‌ఫూ చేతులు, కత్తిసాము, కుస్తీ, ఏది కావాలంటే అది చేసేవాడు. బ్రూస్ లీ 1973లోనే పోయాడు కానీ మా ఆర్కాడు రోడ్డు సెలూన్ల గోడల మీద, ఆటోల వెనకాల ఇంకా ఆయన బొమ్మే ఉండేది. పిల్లలందరికీ బాబాయ్ అంటే దేవుడు. తాతని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మా వీధి చివర కళ్యాణ మండపంలో, మేడ మీది భోజనాల హాల్లో కరాటే క్లాసు మొదలైంది. అబ్బాయిలు ముప్పై మంది, అమ్మాయిలం నలుగురం. అమ్మ వద్దంటే వద్దంది. "రేపు దెబ్బ తగిలి ముక్కో మూతో వంకర పోతే ఎవడు చేసుకుంటాడు" అని ఏడ్చింది కూడా. బాబాయ్ గోడ దగ్గర నిలబడి నాన్నతో, "అన్నా, పంపించు. రాత్రి బస్సు దిగి ఒక్కతే నడిచి రావాల్సిన రోజు ఒకటొస్తుంది" అన్నాడు. నాన్న ఇంకేమీ మాట్లాడకుండా నెలకి ముప్పై రూపాయలు ఇచ్చి పంపించారు.

ముహూర్తం ఉన్న రోజు క్లాసు ఉండదు. ఆడి మాసం వస్తే తమిళుల పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి రోజూ క్లాసే. సాంబారు వాసన, ఫినాయిల్ వాసన కలిసిపోయిన ఆ గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తుంది. మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే, ఇంటింటి ముందూ ముగ్గులు. వాటిని తొక్కకుండా నడవడమే మా మొదటి అడుగుల ప్రాక్టీసు అని నేనూ, మా తమ్ముడూ పందెం వేసుకునేవాళ్ళం.

హాల్లో ఒక గోడకి నల్లబెల్టు కట్టుకున్న జపాను మనిషి ఫోటో ఉండేది. క్లాసు మొదట్లో, చివర్లో మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఫోటోకి తల వంచాలి. ఆయన ఎవరో మాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. దేవుడి పటానికి దండం పెట్టినట్టు పెట్టేవాళ్ళం.

లెక్క జపానులో, తిట్లు తమిళంలో. "ఇచ్, ని, సాన్, షి" అని మాస్టర్ లెక్కపెడుతుంటే గుద్దులు. ఎక్కడైనా తగిలితే మాత్రం నా నోట్లోంచి "అమ్మా, అబ్బా" అని తెలుగే వచ్చేది. మాస్టర్‌ది జాఫర్‌ఖాన్‌పేట. పగలు ఒక కంపెనీలో ఫిట్టర్, పొద్దునా సాయంత్రం కరాటే. నేర్పడంలో ఆయన మొండి మనిషి. మొదటి ఆరు నెలలూ నిలబడటం తప్ప ఏమీ నేర్పలేదు. ఒక కటా, అంటే వరసగా చేసే అడుగుల, గుద్దుల పాఠం, ఇస్తే ఏడాది దాకా ఇంకోటి ఇచ్చేవారు కాదు. ఎవరైనా తర్వాతది అడిగితే, కరాటే పుట్టిన దీవి ఒకినావాలో పాతవాళ్ళు ఒక్కో కటాకి మూడేళ్ళు పెట్టేవాళ్ళని చెప్పేవారు. షోటోకాన్ అనే కరాటే పద్ధతికి మూలపురుషుడైన ఫునాకొషి కూడా మూడు టెక్కీ కటాలకే పదేళ్ళు పట్టిందని రాసుకున్నాడు, అది నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అప్పుడు మాత్రం మాస్టర్ మాట విసుగనిపించేది. గోడ అవతల బాబాయ్ వారానికో కొత్త కిక్కు నేర్చుకొస్తుంటే, నేనింకా అదే నిలబడటం.

1988 ఎండాకాలం సెలవుల్లో తాత నన్ను పిలిచాడు. పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చుని వెదురు కర్రకి నూనె పట్టిస్తున్నాడు. అంతకుముందు గోడ మీంచి నా కటా చూస్తూ ఉండేవాడట.

"ఏమ్మే, నీకు చేతులు బాగుండాయి. కాళ్ళే యాడికి పోతా ఉండాయో నీకు తెలవడంలా."

కర్ర ఇస్తాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు. సుద్దముక్కతో గచ్చు మీద గుర్తులు గీసి వాటి మీద అడుగులు వేయమన్నాడు. తమిళుల కర్రసాము సిలంబం, ఆ సిలంబం వాళ్ళు దీన్నే కాలడి అంటారు, కర్ర పట్టకముందు ఇదే నేర్పుతారు. తాత వాళ్ళ ఊరు అరవదేశానికి దగ్గర కాబట్టి ఆయన కర్రసాములో రెండూ కలిసే ఉండేవి. ముందుకి, పక్కకి, వెనక్కి, తిరుగు. మళ్ళీ ముందుకి. నెల రోజులు ఇదే.

తిరగడం దగ్గర మాత్రం ఆయన నన్ను వదిలేవాడు కాదు. కరాటేలో మాస్టర్ మడమ మీద తిరగమనేవారు, గచ్చుకి మేకు కొట్టినట్టు. తాత మునివేళ్ళ మీద తిరగమన్నాడు. "మడమ కింద ఒక వరిగింజ ఉండాదనుకో. అది చితకకూడదు, జారిపోనూ కూడదు." మడమ పైకెత్తితే పడిపోతాం, దించితే ఇరుక్కుపోతాం. ఆ గింజంత సందు ఉంచుకుని తిరగడానికి నాకు ఆ సెలవులన్నీ పట్టాయి. ఆఖరి వారంలో కర్ర చేతికిచ్చాడు. నేలమీద నిలబెడితే నా నుదుటి దాకా వచ్చే కర్ర. అది తిప్పుతుంటే చెవుల పక్కన గాలి చేసే చప్పుడు విన్నవాళ్ళకే తెలుస్తుంది.

స్కూళ్ళు తెరిచాక క్లాసులో ఒకరోజు నేను తిరిగిన తీరు మాస్టర్ కంటపడింది. మడమ లేచింది. ఎక్కడ నేర్చావన్నారు. దాచడం చేతకాక చెప్పేశాను. ఆయన అందరి ముందూ నన్ను గోడ పక్కన కూర్చోబెట్టారు. రెండు వారాలు అక్కడే. రావాలి, తల వంచాలి, కూర్చోవాలి, చూడాలి, వెళ్ళిపోవాలి. "ఇక్కడ నేర్చుకునేవాళ్ళు ఇంకో చోట నేర్చుకోకూడదు. రెండు వండితే రెండూ మాడతాయి" అన్నారు తమిళంలో. నాకు చాలా బాధేసింది. తప్పు చేశానని కూడా అనిపించలేదు, అందుకే బాధ ఇంకా ఎక్కువైంది. 13 ఏళ్ళ పిల్ల, ఎదురుగా గోడ మీద ఆ జపాను మనిషి ఫోటో. రెండు వారాలు ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

తాతకి చెబితే కోప్పడలేదు. "ఆయప్ప జెప్పింది ఆయప్పకి నిజమే. ఆడ ఆయన మాట విను. ఈడ నా మాట విను" అన్నాడు. ఆ తర్వాత క్లాసులో మడమ నేలకి ఆన్చాను, పెరట్లో గింజంత ఎత్తాను. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

బాబాయ్ గురించి ఇక్కడే చెప్పాలి. నాకు పదహారేళ్ళప్పుడు షూటింగ్‌కి ఒకసారి తీసుకెళ్ళాడు. అట్టపెట్టెలు పేర్చి, పైన కొబ్బరిపీచు పరుపులు వేసి, రెండంతస్తుల ఎత్తు నుంచి వెనక్కి పడాలి. పడే ముందు ఆయన ముఖంలో నేను చూసిన ఏకాగ్రత మాస్టర్ ముఖంలో కటా ముందు మాత్రమే చూశాను. సాయంత్రం టీ తాగుతూ, "నాకు అన్నీ వచ్చనుకుంటారు గానీ, ఏదైనా షాట్ అయ్యేంతసేపే వచ్చు. నాకు నిజంగా వచ్చింది పడటం ఒక్కటే. పదిహేనేళ్ళు దాన్నే నేర్చుకున్నా" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. పది విద్యలు తెలిసిన మనిషి అని మేమందరం అనుకుంటున్న బాబాయ్ కూడా లోపల ఒకే విద్య మనిషి. పని హైదరాబాద్ తరలిపోతుంటే ఆయనా కుటుంబంతో వెళ్ళిపోయాడు. తాత మాత్రం రానన్నాడు. వీధిలో ఒక్కో ఇల్లే ఖాళీ అవుతూ, తెలుగు మాట తగ్గుతూ వచ్చింది. నాన్న కూడా వెళ్దామా అని రెండేళ్ళు ఆలోచించి ఇక్కడే ఉండిపోయారు.

1992లో బ్లాక్ బెల్ట్ వచ్చింది. మరుసటి ఏడు కాలేజీలో జూడో చేరాను. అంతకుముందే బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ జూడో మొదటిసారి పతకాల పోటీగా వచ్చింది, కాలేజీలో ఆ ఉత్సాహం ఉండేది. పెరియమేడులో నెహ్రూ స్టేడియం దగ్గరికి బస్సులో వెళ్ళి ప్రాక్టీసు. మళ్ళీ తెల్లబెల్టు. మొదటి నెల నేర్పేది పడటమే, దాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆన్చి, అరచెయ్యి చాపకేసి కొట్టి. నాకు బాబాయ్ గుర్తొచ్చాడు. రెండో నెలలో నాకంటే చిన్నది, పల్చటి అమ్మాయి నన్ను ఓసోటో-గారి అనే పట్టుతో ఎత్తి పడేసింది. ఆరేళ్ళు కాళ్ళు పాతుకుని నిలబడటం నేర్చుకున్న నేను గాల్లో ఉన్నాను. పాతుకున్న కాలే వాళ్ళకి కావలసింది, దాన్ని కోస్తారు. తాత నేర్పిన గింజంత సందు ఉన్న కాలు మాత్రం తప్పించుకునేది.

జూడోకి మూలపురుషుడైన కానో జిగోరో జపాను పాత మల్లవిద్య జుజుత్సులో రెండు సంప్రదాయాల్లో శిష్యరికం చేశాడు, తెన్‌జిన్ షిన్‌యో-ర్యూ ఒకటి, కితో-ర్యూ ఒకటి. ఒకదాంట్లో పట్లు బలం, ఇంకోదాంట్లో పడేయడం బలం. ఆ రెంటినీ కలిపి, ప్రమాదమైనవి పక్కకి తీసి 1882లో కోడోకాన్ అనే జూడో బడి పెట్టాడు. అప్పటికి ఆయన వయసు 22 దాటలేదు. కోచ్ ఇది చెప్పిన రోజు నాకు గుండె తేలికైంది. రెండు వండితే రెండూ మాడవన్నమాట, మూడోది కొత్తగా తయారవుతుంది. మాస్టర్‌తో ఈ మాట అనాలని చాలాసార్లు అనుకున్నాను, అనలేకపోయాను.

1996లో మా తమ్ముడు పారీస్ కార్నర్ దగ్గర బర్మా బజారులో ఒక వీడియో కేసెట్ కొనుక్కొచ్చాడు. 1993 నవంబరులో అమెరికాలో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీ. ఎనిమిది మంది, ఒక్కో మనిషీ ఒక్కో విద్య. బాక్సింగ్, సుమో, కరాటే, ఫ్రాన్స్ వాళ్ళ సవాత్, అన్నీ ఒకే పంజరంలో. బాక్సర్ ఒకడు ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. ఆ రాత్రి ముగ్గురిని ఓడించి గెలిచింది అందరిలో పెద్దగా కండలు కనిపించని హోయిస్ గ్రేసీ, బ్రెజిల్ జుజుత్సు మనిషి. నేల మీదికి తీసుకుపోతాడు, పట్టేస్తాడు, అంతే. తమ్ముడు ఎగిరి గంతేశాడు. "చూశావా అక్కా, ఒకటే విద్య, గట్టిగా నేర్చుకున్నవాడు గెలిచాడు." నేను సరిగ్గా తలకిందులుగా వాదించాను: మిగతావాళ్ళకి నేల మీద ఏం చేయాలో తెలియకే కదా ఓడిపోయారు, వాళ్ళు ఇంకోటి నేర్చుకుని ఉంటే? నిజానికి ఆ తర్వాతి ఏళ్ళలో ఆ పోటీలకి వచ్చినవాళ్ళంతా చేసింది అదే. కొట్టేవాళ్ళు కుస్తీ నేర్చుకున్నారు, కుస్తీ వాళ్ళు కొట్టడం నేర్చుకున్నారు. అయినా వాళ్ళలో గొప్పవాళ్ళని చూస్తే, చిన్నప్పటి నుంచీ వచ్చిన ఒక విద్య వెన్నెముకలా కనిపిస్తుంది. తాత పక్కన కూర్చుని కేసెట్ అంతా చూశాడు. కళ్ళు సరిగ్గా కనిపించేవి కాదు అప్పటికే. "ఆ సన్నప్పోడు ఎదుటోడి పాదాలనే సూస్తా ఉండాడు" అన్నాడు. రివైండ్ చేసి మళ్ళీ చూశాం.

ఆ మరుసటి ఏడే తాత పోయాడు. ఆ కర్ర నాకివ్వమని చెప్పిపోయాడట. బాబాయ్ హైదరాబాద్ నుంచి వచ్చి, కార్యం అయ్యాక గోడ మీంచి అందించాడు.

బాక్సింగ్‌కి వెళ్ళింది 2000లో. పెళ్ళయింది, ఉద్యోగం ఉంది, వారానికి మూడు రోజులు పొద్దున్నే ఉత్తర చెన్నై దాకా ప్రయాణం. రాయపురం, వ్యాసర్పాడి వైపు బాక్సింగ్ అంటే ఆట మాత్రమే కాదు, వంశం. సార్పట్ట పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర అని పాత బాక్సింగ్ కుదుళ్ళు ఉన్నాయి అక్కడ. మా కోచ్ పెద్దవాడు. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు జనంలో నిలబడి చూశానని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

మొదటి రోజు రింగులో నా చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళిపోయింది. కరాటేలో ఒక చేత్తో గుద్దితే రెండో చెయ్యి నడుం దగ్గరికి లాగుకోవాలి, దాన్ని హికితె అంటారు. 14 ఏళ్ళ అలవాటు. ఎదుటి అబ్బాయి ముందు చేత్తో విసిరిన గుద్దు, జాబ్ అంటారు, వచ్చి నేరుగా ముక్కు మీద తగిలింది. కోచ్ ఆపి, నా చెయ్యి తీసి దవడ పక్కన పెట్టి, "ఇది నీ ఇంటి తలుపు, తెరిచి పెట్టి నిద్రపోతావా" అన్నాడు. ఇంటికెళ్తే అమ్మ దూది, ఐస్ పట్టుకుని ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

మరుసటి ఏడు, 2001 ఫిబ్రవరిలో, ఆడవాళ్ళ మొట్టమొదటి జాతీయ బాక్సింగ్ పోటీలు మన చెన్నైలోనే జరిగాయి. వాటిలో స్వర్ణం గెలిచినవాళ్ళలో మణిపూర్ అమ్మాయి మేరీ కోమ్ ఉంది. ఆ పేరు అప్పుడు మా జిమ్‌లో ఎవరికీ తెలియదు. ఆడపిల్లలు రింగులో ఏం చేస్తారని అడిగే మగవాళ్ళు ఆ తర్వాత మా జిమ్‌లో తగ్గారు. నాకు అది చాలా సంతోషం.

కానీ అవే నాకు చెడ్డ రోజులు కూడా. నాలుగు విద్యలు తెలుసని గర్వంగా ఉండేది, నాలుగింటిలోనూ వెనకబడుతున్నాను. బాక్సింగ్‌లో వెనక మడమ ఎత్తాలి, కరాటేలో ఆన్చాలి. బాక్సింగ్‌లో గడ్డం దించాలి, కరాటేలో మెడ నిటారుగా ఉండాలి. జూడోలో దగ్గరికి పోవాలి, కర్రలో దూరం ఉంచాలి. ఒక్కోటీ దాని చోట సరైనదే. ఒకే ఒంట్లో, అరక్షణంలో ఎంచుకోవాలంటే మాత్రం ఒళ్ళు ఆగిపోతుంది. 2002లో ఒక కరాటే టోర్నమెంట్‌లో 18 ఏళ్ళ పిల్ల చేతిలో మొదటి రౌండే ఓడిపోయాను. కడుపులోకి మాయె-గేరి, ఎదురు తన్ను, వస్తుంటే నా చేతులు పైకి పోవాలో కిందికి పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయాయి. ఆ పిల్లకి మా మాస్టర్ చెప్పిన దానికంటే ఎక్కువ ఏమీ తెలియదు. అవును, ఆమె మా క్లాసు పిల్లే. మాస్టర్ నన్ను చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ కష్టంగా తోచింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని, మా కరాటే పేరు కొట్టి వెతికాను. షితో-ర్యూ. మొదట కనిపించింది మా హాల్లో గోడ మీది ఫోటో. మబుని కెన్వా. ఒకినావా మనిషి, 1889లో పుట్టాడు, 1929లో ఒసాకా చేరి అక్కడే నేర్పాడు. షితో అన్న పేరు ఎలా వచ్చిందో చదివినప్పుడు నాకు చేతులు వణికాయి. ఆయనకి ముఖ్యమైన గురువులు ఇద్దరు. ఇటోసు అంకో, హిగావొన్నా కన్‌ర్యో. వాళ్ళిద్దరి పేర్లలో మొదటి అక్షరాలని జపానులో ఇంకో రకంగా చదివితే షి, తో. ఇద్దరు గురువుల పేర్లు కలిపి ఆయన తన విద్యకి పేరు పెట్టుకున్నాడు. ఒకరిది షురి ఊరి పద్ధతి, తేలిక, వేగం. ఇంకొకరిది నహా పద్ధతి, ఊపిరి, బరువు. మా దగ్గర ఇన్ని కటాలు ఉండటానికి కారణం అదే. రెండు వారాలు నన్ను ఏ ఫోటో ఎదురుగా కూర్చోబెట్టారో, ఆ మనిషే రెండు వండినవాడు.

కోపం వచ్చింది. చాలా రోజులు ఉంది. కోపం కొంచెం తగ్గాక, చదివినదాంట్లో నేను దాటేసిన మాట ఒకటి కనిపించింది. ఆయన 13వ ఏట ఇటోసు దగ్గర చేరాడు. హిగావొన్నా దగ్గరికి వెళ్ళింది కొన్నేళ్ళు గడిచాక, స్నేహితుడు మియాగి చోజున్ పరిచయం చేస్తే. 13వ ఏట నేనేమో సుద్దగీతల మీద అడుగులు వేస్తున్నాను, కరాటే ఇంకా రెండేళ్ళు నిండలేదు.

బాక్సింగ్ మానేసి, జూడో మానేసి, రెండేళ్ళు ఒక్క కటా చేశాను. సేయెన్‌చిన్. హిగావొన్నా వైపు నుంచి వచ్చింది. అందులో ఒక్క కిక్కు కూడా లేదు. చాలావరకు షికో-దాచి, రెండు కాళ్ళూ వెడల్పుగా పెట్టి తొడలు మండేలా కూర్చున్నట్టు నిలబడటం. నెమ్మదిగా లాగడం, పట్టుకోవడం, తిప్పడం. మేడ మీద, రాత్రి వంట అయ్యాక, అమ్మాయిని నిద్రపుచ్చి చేసేదాన్ని.

ఒకరోజు, నెమ్మదిగా చెయ్యి వెనక్కి లాగుతుంటే జూడో కోచ్ గొంతు గుర్తొచ్చింది. జూడోలో ఎదుటివాళ్ళ చొక్కా చెయ్యి పట్టి లాగే చేతిని ఏమంటారు? హికితె. అదే మాట. నడుం దగ్గరికి వెళ్ళే ఆ చెయ్యి ఖాళీ చెయ్యి కాదు, ఎవరినో పట్టుకుని లాగుతోంది. పట్టుకుంటే నడుం దగ్గరికి, పట్టుకోకపోతే దవడ దగ్గరికి. ముక్కు మీద తగిలిన దెబ్బకి, ఆరేళ్ళుగా మండపంలో గాలిలో గుద్దిన గుద్దులకి, జూడో చాప మీద ఆ పల్చటి అమ్మాయి లాగిన లాగుడుకి అర్థం ఒక్క నిమిషంలో దొరికింది. పిట్టగోడ మీద కూర్చుని ఏడ్చేశాను.

నాకు జూడో తెలియకపోతే నా కరాటే చెయ్యి ఏం చేస్తోందో చచ్చేదాకా తెలిసేది కాదు. కరాటే ముందు అన్నేళ్ళు చేసి ఉండకపోతే జూడోలో ఆ మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేదాన్ని. ఇది నా నమ్మకం, నా ఒంటి మీద చూసుకున్నది. మా ఇంటి దగ్గర ఇప్పుడు పదిహేను మంది ఆడపిల్లలకి నేర్పుతున్నాను. తల్లిదండ్రులు వచ్చి, ఇంకో చోట కరాటే, సిలంబం, కిక్‌బాక్సింగ్ కలిపి ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తున్నారు, మీరూ అలా పెట్టకూడదా అని అడుగుతారు. పెట్టనని చెబుతాను. ఐదేళ్ళు ఒకటి చేయనివ్వండి, ఒళ్ళు దాన్ని తనదనుకోనివ్వండి, ఆ తర్వాత నేనే చెయ్యి పట్టుకుని ఇంకో గురువు దగ్గరికి తీసుకెళ్తానని చెబుతాను. ఇద్దరిని తీసుకెళ్ళాను కూడా, ఒకమ్మాయిని జూడోకి, ఒకమ్మాయిని బాక్సింగ్‌కి. పంపే ముందు వాళ్ళకి నేను పెట్టే షరతు ఒకటే. అక్కడ నేర్పింది వచ్చి నాకు చూపించాలి.

2015 డిసెంబరు వరదల్లో అడయారు నది పొంగి జాఫర్‌ఖాన్‌పేట మునిగింది. నీళ్ళు తగ్గాక మాస్టర్‌ని చూడటానికి వెళ్ళాను. చాలా ఏళ్ళయింది కలిసి. ఇల్లంతా బురద వాసన. సర్టిఫికెట్లు, పాత ఆల్బమ్‌లు దండెం మీద బట్టల్లా ఆరేసి ఉన్నాయి. మండపంలో ఉండే ఫోటో కుర్చీలో ఆనించి పెట్టారు, అద్దం తీసేసి. నీళ్ళు ముఖం సగం దాకా ఎక్కి మరక కట్టింది. మాస్టర్ బాగా చిక్కిపోయారు. నేను ఫోటోకి తల వంచాను, అలవాటు.

"ఆయన ఎవరో తెలుసా?" అన్నారు.

తెలుసన్నాను. ఇద్దరు గురువుల సంగతీ తెలుసన్నాను. ఎంత మెల్లగా అనాలనుకున్నా గొంతులో పాత కోపం కొంచెం వినిపించే ఉంటుంది.

ఆయన కాసేపు ఊరుకుని, "నాకూ తెలుసు. నీకప్పుడు 13 ఏళ్ళు" అన్నారు తమిళంలో. తర్వాత, "సేయెన్‌చిన్ చేస్తున్నావా?" అన్నారు.

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఆ బురద ఆరిన గచ్చు మీదే చేశాను. ఆయన కుర్చీలో ముందుకి వంగి చూశారు. మూడో తిరుగుడు దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"మడమ లేస్తోంది."

"అవును మాస్టర్."

"ఇది నేను నేర్పింది కాదు."

"కాదు మాస్టర్. పక్కింటి తాత నేర్పారు. మడమ కింద వరిగింజ ఉందనుకోమన్నారు."

ఆయన నా కాళ్ళ వంక చాలాసేపు చూశారు. కిందికి వంగి, తన చెప్పులు విడిచి, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఒక అడుగు వేసి తిరిగారు. మడమ నేలని తాకీ తాకకుండా.

"ఇన్నొరు తరం పణ్ణు" అన్నారు.

టీపాయ్ పక్కకి జరిపి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.